ఎవరి మనిషి మా పెద్దోడు

మా పెద్దోడు పోయాడన్న ఫోన్ మా కోడలికి వచ్చింది. దోహా పక్కన బిర్కత్ అల్ అవామిర్‌లో గోదాములు కట్టే సైట్‌లో, కొలత మిషన్ పక్కనే కూలబడ్డాడట. ఆస్పత్రికి చేరేలోపే గుండె ఆగిందన్నారు. ఫోన్ చేసిన కంపెనీ మనిషి పెట్టేసే ముందు ఇంకో మాట కూడా అన్నాడట, ఆయన మా ఎంప్లాయీ కాదు, సొంత కంపెనీ ఓనర్ అని. చావు కబురులో ఆ మాట ఎందుకు? నాకు అక్కడే అనుమానం పుట్టింది.

నేను ఐదో తరగతి దాకానే చదివాను, తప్పులుంటే సర్దుకోండి. దోహాలో మనవాళ్ళలో చాలామందికి వాడు తెలుసు. ఓనరన్న మాటతో వాడి కథ ముగిసిపోకూడదని రాస్తున్నాను.

వాడు సర్వేయర్. నేల ఎత్తుపల్లాలు కొలిచేవాడు. ఇంటికొచ్చినా ఆ కన్ను ఊరుకునేది కాదు. నజ్మాలో మా అద్దె గదిలో గోడకున్న వాళ్ళ నాన్న ఫోటోను ఒక కన్ను మూసి చూసి, "బాపు జర ఎడమకు ఒరిగిండే" అని సర్దేవాడు. పెనం మీద నూనె ఒక పక్కకు జారితే స్టవ్ కింద అట్టముక్క దోపేవాడు. అన్నం పెడితే మొదటి ముద్ద తన పాపకు పెట్టనిదే తినేవాడు కాదు.

మొదట వాడిది నెల జీతమే. ఇక్కడ జీతం మీద పన్ను ఉండదు, అది చూసేగా మనమంతా వచ్చాం. కొన్నాళ్ళకు కంపెనీవాళ్ళు పిలిచి, ఇక జీతం మీద పెట్టుకోము, నీ పేరున చిన్న లిమిటెడ్ కంపెనీ తెరువు, అదే పని చేసి బిల్లు పెట్టు అన్నారు.

"పనోణ్ణి ఊర్కనే సేటును చేస్తరా బిడ్డా? ఏదో ఉన్నది" అన్నాను.

"నీకు గంగిరెద్దు దండం పెట్టినా అనుమానమే అమ్మా" అని నవ్వాడు.

ఓనరయ్యాక కూడా వాడు ఎక్కే బస్సు అదే. "యల్లా యల్లా" అని తరిమే ఫోర్‌మన్ కూడా ఆయనే. ఇంటికొచ్చి టిఫిన్ డబ్బా కడుక్కుంటూ, "చూడున్రి, ఓనర్ సాబ్ గిన్నెలు తోముతున్నడు" అనేవాడు. పాప పకపకా నవ్వేది.

జీతానికి లేని పన్ను మాలాంటి బయటి దేశం వాళ్ళు పెట్టుకున్న కంపెనీ లాభానికి ఉందని తర్వాత తెలిసింది. ఆపైన పన్ను నియమాలు మారాయన్నారు. లాభం లేకపోయినా లెక్కలు పంపాలట, ఆలస్యమైతే జరిమానా అట. జీతగాళ్ళు శుక్రవారం సెలవు కదా అని కడుపునిండా తిని పడుకుంటారు. మా ఓనర్ శుక్రవారం కూర్చుని బిల్లులు అతికించేవాడు.

ఆ కంపెనీ హెచ్‌ఆర్‌లో ఒక గోదావరి అబ్బాయి ఉన్నాడు. మా ఇంట్లో ఎన్నోసార్లు తిన్నాడు. ఏది అడిగినా ఒకటే జవాబు: "గవర్నమెంట్ రూల్ మార్చిందండి పిన్నిగారూ, మా చేతుల్లో ఏముందండి." ఇంటికి పోయే టికెట్ ఆపేసినా గవర్నమెంటే, ఇన్సూరెన్స్ కార్డు తీసుకున్నా గవర్నమెంటే. ప్రభుత్వం పన్ను అడిగిందంటే నమ్ముతాను. కార్డు లాక్కోమని కూడా అదే చెప్పిందా?

"అడుగు బిడ్డా" అనేదాన్ని.

"అడిగితే రేపటి సంది ఇంకో ఓనర్‌ను తెచ్చుకుంటరమ్మా" అనేవాడు.

కానీ కొత్తగా ఎవరికైనా అలాంటి కంపెనీ కాగితం ఇస్తే, "సంతకం పెట్టేముందుగాల మా అమ్మ తోని మాట్లాడున్రి, పోలీసు కన్న నయం" అని నా దగ్గరికి పంపేవాడు. నా అనుమానానికి వాడిచ్చిన మర్యాద అది.

వాణ్ని ఇంటికి తీసుకెళ్ళాలంటే వీసా పెట్టిన స్పాన్సర్ సంతకం కావాలన్నారు. కంపెనీ వాడి పేరునే కదా, వాడికి వాడే స్పాన్సర్. చనిపోయినవాడు తన శవానికి తానే సంతకం పెట్టాలా అని మా కోడలు ఆఫీసులో అడిగిందట. లేబర్ క్యాంపుల్లో ఉండే మన జగిత్యాల పిల్లలు డ్యూటీలు మానుకుని కోడలి వెంట తిరిగారు. వాళ్ళ రుణం తీర్చుకోలేను. రేపు వాడి పెట్టె ఊరికి కదులుతుంది. డ్యూటీలో పోయిన మనిషి ఇంటికి కంపెనీ ఇవ్వాల్సిన నష్టపరిహారం ఉంటుంది కదా. దానికి వాడు వాళ్ళ మనిషని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. కోడలు లేబర్ ఆఫీసులో కేసు వేసింది.

ఈ సాయంత్రం గోదావరి అబ్బాయి వచ్చాడు. కాసేపు కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత, "పిన్నిగారూ, వారి సేఫ్టీ జాకెట్టూ గేట్ కార్డూ ఉంటే ఇప్పించండి. సామాను వాపసు తీసుకోవాలండి" అన్నాడు.

జాకెట్ తలుపు వెనకే ఉంది. వీపు మీద వాళ్ళ కంపెనీ పేరు, ఇంత పెద్ద అక్షరాలు.

"మీ మనిషి కాదంటిరి గద నాయనా. ఓనర్ వీపు మీద మీ పేరెందుకున్నది?"

"నా ఉద్యోగం కూడా చూడండి పిన్నిగారూ."

"నిన్ను గూడ ఓనర్‌ను చేస్తమన్నరా?"

కోడలు ఇచ్చిన మంచినీళ్ళు సగం తాగి లేచాడు.

జాకెట్ ఇవ్వలేదు. ఉతకనూ లేదు, మెడ దగ్గర వాడి చెమట చారలున్నాయి. రేపు నేను పెట్టె వెంట పోతాను, జాకెట్ కోడలి దగ్గర ఉంటుంది. లేబర్ ఆఫీసుకు అది సాక్ష్యంగా పట్టుకుపోవాలి. ఇంట్లో అగరుబత్తి పొగ ఎక్కువైందని బాల్కనీ తీగ మీద వేశాను. కింద ఆ అబ్బాయి కారు చాలాసేపు కదల్లేదు. చివరికి లైట్లు వేసి గల్లీలో వెనక్కి తిప్పాడు. ఆ వెలుగు పైకి తగిలినంతసేపూ జాకెట్ మీది వెండి పట్టీలు భుజాల దగ్గర, నడుము దగ్గర మెరుస్తూనే ఉన్నాయి.