మేడం వెనక్కి తీసుకున్న పేపర్

మేడం పోయారన్న మెసేజ్ చూసేసరికి నేను కాలేజీలో క్లాసు ముగించుకుని స్టాఫ్ రూములో కూర్చున్నాను. హైదరాబాదులో ఆమె నా పీహెచ్‌డీ గైడు. రోగనిరోధక శాస్త్రంలో పేరున్న మనిషి. ఆ సాయంత్రం నేను గోదావరిఖనిలో మా ఇంటికొచ్చి బాపుకు, అంటే నాన్నకు, చెబితే, టీవీ మీంచి చూపు తిప్పకుండా, "పోయిందా? నీకేం కాలేదని చెప్పి నన్ను మల్ల బాయిలకు తోలింది గామెనే గదా" అన్నాడు. ఆ వెంటనే దగ్గు.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మేడం ఉండి ఉంటే ఆ మాట ఒప్పుకునేవారు కాదు. నేనూ ఒప్పుకోను.

ల్యాబులో ఆమె అంటే అందరికీ హడల్. గ్రాఫు చక్కగా వచ్చిందని మురిసిపోతూ పట్టుకెళితే, కళ్ళద్దాలు పైకి తోసి, "ఇది నీకు నచ్చిందా, నిజమా?" అనేవారు. "ఒకసారి వస్తే వార్త. మూడుసార్లు వస్తేనే ఫలితం" అన్నది ఆమె మాట. మధ్యాహ్నం మాత్రం తన డబ్బాలోని గోంగూర పచ్చడి నా అన్నంలో వేసి, తినమని కూడా అనకుండా వెళ్ళిపోయేవారు. ఆ పచ్చడి తింటూనే ఆమెను తిట్టుకునేదాన్ని.

మాది బొగ్గుబాయి పనివాళ్ళ ఇల్లని తెలిశాక ఆమె పని మా కాలనీకి వచ్చింది. దుమ్ము పీల్చేవాళ్ళ ఊపిరితిత్తులు ఎక్స్‌రేలో చెడినట్టు కనిపించకముందే, నెత్తురులో ఒక ప్రొటీన్ పెరిగి ఆ సంగతి చెబుతుందా అన్నది ప్రశ్న. నా ముఖం చూసి కాలనీవాళ్ళు నెత్తురివ్వడానికి చేతులు చాపారు. చెబుతుందనే తేలింది. మేడం పేరు పక్కన నా పేరుతో ఆ పేపర్ పెద్ద పత్రికలో వచ్చింది. దేశదేశాల శాస్త్రవేత్తలు తమ పేపర్లలో దాన్ని ప్రస్తావించారు. వాటినే సైటేషన్లంటారు, మా లోకంలో మనిషి విలువ కట్టేది వాటితోనే. మేడం పేరు మారుమోగింది.

నెత్తురిచ్చినవాళ్ళకు ఆమే స్వయంగా ఫలితాలు చెప్పారు. బాపుతో "మీకేం భయం లేదు" అన్నారు. ఆయాసంగా ఉందని బాయి పైన డ్యూటీ అడగాలనుకుంటున్న బాపు, ఆ మాట విని మళ్ళీ లోపలికే దిగాడు.

కొన్నేళ్ళ తర్వాత ఆ ప్రొటీన్ను కొలిచే కొత్త కిట్టు తెప్పించి పాత నమూనాలు పరీక్షిస్తే అంకెలు కలవలేదు. మేడం మళ్ళీ మళ్ళీ చూశారు. పాత కిట్టు మేము వెతికిన ప్రొటీన్ని కాక మరోదాన్ని పట్టుకుంటోంది. మేము చెప్పిందేదీ నిలవదు.

"పేపర్ వెనక్కి తీసుకుంటున్నాను" అన్నారు.

"నాకు ఇంటర్వ్యూ ఉంది మేడం. ఆ పేపర్ తప్ప నా చేతిలో ఏముంది?"

"తెలుసు."

"తప్పు కిట్టు చేసినవాళ్ళది."

"పేరు మనది."

"మరి మా బాపుకు భయం లేదన్నది ఎవరు?" అని అరిచాను. ఆమె కుర్చీలో కూర్చుండిపోయారు. ల్యాబులో ఆమె కూర్చోగా చూడటం అదే మొదటిసారి.

నాకు ఆ ఉద్యోగం రాలేదు. సంస్థ పరువు తీసిందని తోటి ప్రొఫెసర్లు ఆమెతో మాటలు మానేశారు. నేను గోదావరిఖనికి తిరిగొచ్చేశాను.

ఎండాకాలంలో ఆమె ఒక్కతే వచ్చి, కాలనీ హాల్లో అందరినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పారు. మా వెనక క్వార్టర్లో ఉండే కాక, నాకు బాబాయి వరస, లేచాడు.

"అమ్మా, నీ మాట నమ్మి నెత్తురిచ్చినం. గిప్పుడొచ్చి గదంత తప్పంటవా? మరి నీకచ్చిన పేరు ఎవలికిస్తవ్?"

"పేరు పోయింది. దాని కోసం రాలేదు. మళ్ళీ నెత్తురివ్వండి, ఈసారి ఊపిరి పరీక్షలు కూడా చేయిస్తాను."

"సిగ్గూ శరం లేదా నీకు?" అని ఎవరో కేకేశారు. కుర్చీలు కిర్రుమన్నాయి. హాలు ఖాళీ అయింది. నేనూ బయటికి నడిచాను. ఇవాళ్టికీ అందుకు బాధ లేదు.

మొన్న ఆన్‌లైన్‌లో సంతాప సభ పెట్టారు. మాట్లాడినవాళ్ళంతా ఆమె పేపర్లు, సైటేషన్లే లెక్కగట్టారు. ఒక పెద్దాయన, అన్నిటికంటే ఎక్కువ సైటేషన్లు వచ్చిన పేపర్ అంటూ ఆ పేపర్‌నే స్క్రీన్ మీద చూపించి మురిసిపోయాడు. వెనక్కి తీసుకున్నా దాన్ని చదవకుండానే ప్రస్తావిస్తున్నారు ఇంకా. నేను మైక్ ఆన్ చేశాను.

"సార్, అది తప్పని మేడమే వెనక్కి తీసుకున్నారు. తర్వాత ఆ ప్రొటీన్‌తో రోగం ముందుగా తెలియదని ఇంకో పేపర్ రాశారు. దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం?"

"ఇప్పుడు ఆ సంగతి అవసరమా అమ్మా?"

"ఆమెకు అవసరమే సార్."

నా మైక్ ఆపేశారు. ఆమె మీద ఇన్నేళ్ళుగా ఉన్న కోపం కంటే వాళ్ళ మీద నాకు పుట్టిన కోపమే పెద్దది.

ఆ రెండో పేపర్‌ను పట్టించుకున్నవాళ్ళు దాదాపు లేరు. దాని కోసం ఆమె మా కాలనీలో గడప గడపా తిరిగారు. చాలామంది ముఖం మీదే తలుపులు వేశారు. ఆ పరీక్షల్లోనే బాపు ఊపిరితిత్తుల్లో దుమ్ము బయటపడింది. బాయి దిగడం మానాడు, ఆలస్యంగానైనా.

అలా తిరుగుతూ ఆమె మా గడపకు వచ్చిన రోజు, ముందుగదిలో బాపు బనీనుతో కూర్చుని ఉన్నాడు. మేడం చెప్పులు విడిచి లోపలికొచ్చారు. రమ్మని గానీ కూర్చోమని గానీ ఎవరమూ అనలేదు. ఆమె నేల మీద మోకాళ్ళూని సూది తీశారు. బాపు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. కాసేపటికి, అటే చూస్తూ, చెయ్యి మాత్రం ఆమె ముందుకు చాపాడు.