చెక్‌పోస్టులో దొరికిన నా రాక్షసులు

ఖమ్మం గేమ్స్ మేళాలో బల్లమీద యుద్ధం ఆట ఆడించడానికి, నేనే రంగులేసిన వేలెడంత రాక్షసుల బొమ్మలతో పొద్దున్నే భద్రాచలంలో బస్సెక్కాను. చెక్‌పోస్టులో నక్సలైట్ల కోసం సోదా చేస్తున్న కానిస్టేబుల్ నా బొమ్మల పెట్టె తెరిపించాడు. అందులో అట్టతో చేసిన యుద్ధభూమి, దానిమీద నిలబెట్టిన బొమ్మలు ఉన్నాయి. వేరే ఊహ తట్టక మా గోదారి వంపునూ గుట్టల్నీ ఉన్నదున్నట్టు దించేశాను. అదే కొంప ముంచింది.

"గిది మన గోదారే గదరా? గుట్టెనక గీళ్లెందుకు దాక్కున్నరు?"

"ఆట సార్. రాక్షసులు."

"రాక్షసులకు మన గుట్టలెట్ల తెలుసురా?"

నాకు ఒళ్లు మండింది. అతను మాత్రం ఒక్కో బొమ్మకూ ఫోటో తీసుకునేదాకా వదల్లేదు. బస్సు వెళ్లిపోయింది. నేను మేళాకు చేరేసరికి నాకు కేటాయించిన బల్లమీద ఎవరో క్యారమ్స్ ఆడుతున్నారు!

ఆ ఫోటోలు ఎవరికి పంపాడో? నా రాక్షసుల మీద కేసు పెడితే జామీనుకు ఎవరొస్తారో ఇప్పుడే చెప్పండి.