గచ్చు కింద నేల

మా పెరడు పెద్దదేమీ కాదు. రెండు నులక మంచాలు వేస్తే మూడో దానికి చోటుండదు. అయినా ఈ వన్ టౌన్ సందులో అంతమాత్రం ఖాళీ నేల ఉన్న ఇల్లు మాదొక్కటే. ఆ నేల మీద గచ్చు చేయించింది నేనే. తరవాత ఎవరి మీదా తోసెయ్యకుండా ఈ మాట ముందే రాసేస్తున్నాను.

గాలి తిరిగిన రోజున రేవులోని బొగ్గుగుట్టల మీంచి మా సందులో నల్లపొడి పడుతుంది. ఆరేసిన బట్టల మీద, మూత పెట్టని గిన్నెల్లో, ఆఖరికి పిల్లి వీపు మీద కూడా. మట్టి మీద పడిన పొడిని ఊడిస్తే మట్టి కూడా లేచి బట్టల మీదే వాలుతుంది. ఉతికినవి మళ్ళీ ఉతకాలి, సబ్బు రెండింతలు అరుగుతుంది. ఏదైనా దండగైపోతే ఆ రోజు నాకు అన్నం సయించదు. మూడో తరగతితో బడి మానేసినదాన్ని. పొదుపు మాత్రం బాగానే వంటబట్టింది. గచ్చైతే ఓ చెంబుడు నీళ్ళతో కడిగేసుకోవచ్చు అనుకున్నాను.

మా ఆయన రేవులో కలాసీగా చేసి రిటైరయ్యారు. నాకు మేనత్త కొడుకు, పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని. మేస్త్రి వచ్చి పెరడు కొలుస్తుంటే ఆయన గుమ్మంలో నిలబడి చూశారు.

“ఒసే, ఉన్న పిడికెడు నేలనీ కప్పెట్టేస్తావేటే?”

“కప్పెడితే ఏటైపోద్ది బావా? కడుక్కోడానికి సుకం.”

“నేల్ని ఎవులైనా కడుగుతారేటే? తడుపుతారు గానీ.”

ఆ మాట నేను చెవిన పెట్టలేదు. అడ్డంగా ఉందని మునగచెట్టు కూడా కొట్టించేశాను.

ఆయనకో అలవాటుండేది. పొద్దున్నే పెరట్లో మంచం దిగేముందు వంగి, నేలని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకునేవారు. మంత్రాలేవీ రావు. “తల్లీ, తొక్కుతన్నాను, ఏటీ అనుకోకు” అనేవారు, అంతే. ముప్పై ఏళ్ళు ఓడల ఇనుప పలకల మీద నిలబడి పనిచేసినవాడికి కాలికి మన్ను తగిలితేనే ఇంటికొచ్చినట్టుండేదట. గచ్చు ఆరిన మర్నాడు వంగబోయి, చెయ్యి మధ్యలోనే వెనక్కి తీసుకోవడం చూశాను. చెప్పులేసుకుని సందు చివర కుళాయి దాకా వెళ్ళొచ్చారు. అక్కడ నీళ్ళు కారి ఎప్పుడూ కాస్త మన్ను తడిసి ఉంటుంది.

“కుళాయి కాడ బురదకి దండం ఎట్టీసి వచ్చీసినావా?” అన్నాను.

“ఎట్టీసినానే. నీ మీద సాడీలు కూడా సెప్పీసినాను” అని నవ్వారు.

ఆరేళ్ళు అలాగే వెళ్ళొచ్చారు. వానొచ్చినా మానలేదు. నేనూ ఆ వెటకారం మానలేదు.

గచ్చు వల్ల దూరమైన మనిషి ఇంకొకత్తె ఉంది. జాలరిపేట నుంచి చేపల తట్టతో వచ్చే ఆవిడ. నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్న, నోరు మాత్రం ఇరవయ్యేళ్ళు పెద్ద. మునగచెట్టు కింద కత్తిపీట వేసుకుని కూర్చుని, మాకూ పక్కిళ్ళకూ అక్కడే చేపలు కోసిచ్చేది. పేగులు చెట్టు మొదట్లో పాతేసేది. కోసినంతసేపూ పేట కబుర్లన్నీ చెప్పేది. పక్కిళ్ళ ఆడవాళ్ళు గిన్నెలతో వచ్చి వినేవారు. గచ్చు చేయించాక పొలుసులు అంటుకుపోతున్నాయని, సందులో కూర్చుని కొయ్యమన్నాను.

“ఓలమ్మో! నాను కూకుంటే నీ గచ్చు అరిగిపోద్దేటి?” అని తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. పక్షం రోజుల తరవాత మళ్ళీ వచ్చింది గానీ గుమ్మం దాటేది కాదు. చేప ఇచ్చి, ఆగకుండా వెళ్ళిపోయేది. పక్కిళ్ళవాళ్ళు రావడమూ మానేశారు. పెరడు అద్దంలా ఉండేది. అందులో నేనొక్కదాన్నే తిరిగేదాన్ని.

మా ఆయనకి ఊపిరి అందని జబ్బు ముదిరింది. ఇంక ఇంటికి తీసుకెళ్ళమని ఆసుపత్రిలో చెప్పేశారు. పెందుర్తి నుంచి కూతురు వచ్చి కూర్చుంది. మూడో రోజు పొద్దున్న, పదైనా కాలేదు, “నన్ను కిందికి దించండే” అన్నారు. మంచం మీద ప్రాణం పోకూడదని మావాళ్ళు ఆఖరి ఘడియలో మనిషిని నేల మీదికి దించుతారు. ఆయన కళ్ళతోనే పెరటివైపు చూపించారు. నేనూ కూతురూ దుప్పటితో మోసుకెళ్ళి, పెరట్లో చాప వేసి పడుకోబెట్టాం.

ఆయన చెయ్యి చాప అంచు దాటింది. వేళ్ళతో తడిమారు. గోటితో ఒకసారి గీకారు.

“నేలేదే?”

“ఇదే నేల బావా. నేల మీదే ఉన్నావు.”

“నేల కాదే. గచ్చు.”

అలిగినట్టు అనలేదు. నేను ఏ మాటైనా తప్పుగా పలికితే సరిదిద్దేవారు చూడండి, అలా అన్నారు. ఎండ గోడ దిగకముందే పోయారు.

పెద్దకర్మ అయ్యాక కూతురు తనతో రమ్మంది. వస్తానులే అన్నాను, వెళ్ళలేదు. ఒక్క మనిషికి గ్లాసుడు బియ్యం రెండు పూటలకి సరిపోయేవి. నెలాఖరుకి డబ్బాలో బియ్యం మిగిలాయి. ఏది మిగిలినా సంతోషించే నేను ఆ డబ్బా వైపు చూడలేక మూత పెట్టేశాను. పొద్దున్న లేస్తే వెటకారం చెయ్యడానికి మనిషి లేడు. రోజంతా నోరు విప్పే పని లేక, సాయంత్రం దీపం పెట్టేటప్పుడు గొంతు బొంగురుగా పలికేది.

ఆఖరి ఘడియలో మనిషికి అబద్ధం చెప్పాను. అది నన్ను కూర్చోనివ్వలేదు. చెప్పిన మాటని వెనక్కి తీసుకోలేను. మిగిలింది ఒకటే దారి, దాన్ని నిజం చెయ్యడం. ఆయన పడుకున్న చోటు మళ్ళీ నేల కావాలి. కాయా కూరా కోసం కాదు. అక్కడ చెయ్యి పెట్టి, ఇది నేలే అని నేను అనగలగాలి.

గచ్చు పగలగొట్టడానికి మనిషిని పిలిచానని తెలిసి కూతురు ఫోన్లో అరిచింది. “ఏయించినదీ నువ్వే, తవ్వించినదీ నువ్వే. బుర్ర గాని పాడైపోనాదేటమ్మా? టైల్స్ ఎయించీ అంటే ఇదేటి?”

“నా పెరడు, నా ఇష్టం” అని పెట్టేశాను.

రెండు రోజులు గునపం దెబ్బలకి గోడలు అదిరాయి. పెళ్ళలు ఎత్తేశాక కింద ఏముందో వంగి చూశాను. బూడిదరంగు మన్ను, రాయిలా గట్టిపడిపోయి ఉంది. ఒక చీమ లేదు, వేరు లేదు. పిడికిట్లోకి తీసుకుని వాసన చూస్తే ఏ వాసనా లేదు. పోయినవాళ్ళ చొక్కా ఉతికి దాచుకుంటే అలాగే ఉంటుంది.

ఊరుకుంటానా? ఇంట్లో చుక్క నీరు కాలవలోకి పోనివ్వలేదు. బియ్యం కడిగినవి, పప్పు కడిగినవి, గిన్నెలు తొలిచినవి అన్నీ అక్కడే పోశాను. తోటకూర విత్తులు జల్లితే వారానికి ఎర్రగా సూదుల్లా లేచాయి. ఆ రోజు ఇంకో ముద్ద అన్నం ఎక్కువ తిన్నాను. నాలుగు రోజులకి అన్నీ పసుపెక్కి పడిపోయాయి. మన్ను మీద తెల్లగా పేరుకుంది. మళ్ళీ జల్లాను. ఈసారి మొలకే రాలేదు. నేల నా మీద పగబట్టింది, నేను తగినదాన్ని కాదంటోంది అనుకున్నాను. గుమ్మంలో కూలబడిపోయాను.

ఆ పూట చేపలావిడ వచ్చింది. నా మొహం చూసి, నన్ను దాటుకుని లోపలికి నడిచింది. ఆరేళ్ళ తరవాత అదే మొదటిసారి. వంగి చిటికెడు మన్ను తీసుకుని నాలిక మీద వేసుకుంది.

“ఉప్పు. ఏటి పోసినావు మామ్మా?”

“కడిగిన నీళ్ళే.”

“ఏటి కడిగిన నీళ్ళు?”

అప్పటికి నాకూ వెలిగింది. ఆయన పోయాక ఒక్కదాని కోసం పచ్చి చేప ఏం కొంటానని, పూటా ఎండుచేపలే నానబెట్టి వండుకుంటున్నాను. ఆ ఉప్పునీళ్ళు కూడా పారబొయ్యడానికి మనసొప్పక అక్కడే పోశాను.

“ఎండుసేపలవి” అన్నాను నెమ్మదిగా.

“ఓలమ్మో, ఓలమ్మా!” అని తట్ట దించి నడుం పట్టుకుని నవ్వింది. “సముద్రం ఆ పక్కనున్నది సాల్లేదని పెరట్లోకి కూడా తెచ్చీసినావేటి?” నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని అంది. “ఇది పచ్చి బాలింత మామ్మా. ఆరేళ్ళ సెరలోంచి ఇప్పుడే బయటపడ్డాది. పచ్చి బాలింతకి అంత ఉప్పు ఎవులైనా ఎడతారేటి? కూతురికి రెండు పురుళ్ళు పోసినావు గదా, నాను సెప్పాలేటి నీకు?”

నిజమే. పథ్యం పెట్టడం నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

మర్నాడు తెల్ల పొరంతా గీకి ఎత్తేశాను. వానలు మొదలయ్యేదాకా ఏ విత్తూ వెయ్యలేదు. వాన నీరు ఉప్పుని కిందికి దించేసింది. తరవాత పల్చటి గంజి, చల్లార్చి, రోజు విడిచి రోజు. ఎండ తగలకుండా తడి గోనెసంచులు కప్పాను, బాలింత చెవులకి గుడ్డ కట్టినట్టే. నెలరోజులు కాలు పెట్టలేదు, ఎవరినీ పెట్టనివ్వలేదు. కూతురికి పురుడు పోసినప్పుడు కసిరినట్టే దీన్నీ కసిరేదాన్ని. “లే మరి, ఎన్నాళ్ళు పడుకుంటావు?” అని. అలా నోరు తెరిచి మాట్లాడటం మళ్ళీ అలవాటైంది. చేపలావిడ పచ్చి చేపల పేగులు మాత్రం తెచ్చి, కాలు పెట్టకుండా అంచునుంచే ఓ మూల పాతేది. పొద్దున్నే గుమ్మంలోంచి అడిగేది, “బాలింత ఎలాగున్నాది? పాలు పడ్డాయేటి?”

“నీ నోరు పడా, ఇంకా లేదు” అనేదాన్ని.

ఓ ముసురు పట్టిన పొద్దున్న గోనె మార్చబోయి ఎత్తాను. మన్ను నల్లబడింది. అందులో ఏదో కదిలింది. కళ్ళజోడు తెచ్చుకునే లోపల చేపలావిడ వచ్చి తొంగి చూసి కేకేసింది.

“ఎర్ర! మామ్మా, ఎర్ర!”

వానపాము. తడిగా, చిటికెనవేలంత, మన్ను తోసుకుంటూ పోతోంది.

“మా ఆయన గేలానికి బాగుంటాది, తీసుకుపోదునా?”

“ముట్టుకున్నావంటే సెయ్యి ఇరగ్గొడతాను.”

ఆవిడ నవ్వి, కత్తిపీట వేసుకుని నేల అంచున చతికిలబడింది. ఆ రోజు పచ్చి చేప తీసుకున్నాను. ఒక్కదానికి ఎక్కువే. ఆవిడ కోస్తుంటే అన్నాను. “నాకు ఆ ఘడియొచ్చినప్పుడు నువ్వు గాని ఉంటే, ఇక్కడే దించమని పెందుర్తినున్న మాయమ్మికి సెప్పు. సాప కూడా వద్దు.”

“సెప్తానులే. ముందు ఈ పులుసు తిని బతుకు” అంది తలెత్తకుండా.

ఆవిడ వెళ్ళిపోయాక రేవులో ఓడ ఒకటి కూసింది. ఆయన తల పెట్టుకున్న చోటు నాకు గుర్తే. అక్కడ కూర్చుని అరచెయ్యి ఆనించాను. చల్లగా, మెత్తగా కాస్త లోపలికి దిగింది. వేళ్ళు కళ్ళకద్దుకున్నాను. నా జన్మలో ఆ పని చెయ్యడం అదే మొదలు.

“నేలే బావా” అన్నాను.

ఎవరూ సరిదిద్దలేదు. చేతికి మన్నుతో పాటు నల్లపొడి కూడా అంటింది. చెంబుతో నీళ్ళు తెచ్చి, అక్కడే, నేల మీదే చెయ్యి కడుక్కున్నాను.