తలాపు రాయి

మలేషియాలోని మా దీవికి వచ్చే టూరిస్టులను అడవి దాటించి అవతలి ఇసుకతీరానికి తీసుకెళ్ళడం జహారీ బాబాయి పని. వాళ్ళ వెనక నడవడం నా పని. కాలేజీ మానేసినవాడికి దొరికింది అదే.

బాబాయి పుట్టింది ఆ తీరంలోనే. రిసార్టు కోసం ఊరు ఖాళీ చేయించారు. అతని తల్లి సమాధి ఒక్కటే మిగిలింది. గైడ్లు తప్ప ఊరివాళ్ళెవరూ అక్కడ అడుగుపెట్టకూడదు. బాబాయి గైడ్ అయింది అందుకే.

ఉపవాసాల నెలకు ముందు సమాధి మీద ప్రార్థన చదివిన నీళ్ళు చల్లాలి. ఆ రోజు బాబాయి నీళ్ళ సీసా సంచిలో పెట్టుకుని, జలగలు పీక్కుంటూ కొండ దిగాడు. ముందే పరుగెత్తిన టూరిస్టు ఒకడు సమాధి తలాపు రాయి మీద తడి చొక్కా ఆరేశాడు.

"మీ అమ్మ సమాధని చెప్పు బాబాయ్!"

"నోర్ముయ్‌రా. సమాధి అంటే జనం జడుసుకుంటారని మేనేజరు ముందే చెప్పాడు. నన్ను మాన్పించేస్తే మళ్ళీ ఎలా రావాలి, నీ డిగ్రీ పట్టా చూపించా?"

అంతలో చొక్కా ఆసామి వచ్చి ఈ రాయేమిటని అడిగాడు.

"పాతకాలంలో దీనికి పడవలు కట్టేవాళ్ళండీ," అన్నాడు బాబాయి నవ్వుతూ.

"అయితే ఒక ఫొటో తియ్యి," అంటూ అతను దాని మీదే కూర్చున్నాడు.

బాబాయి తీశాడు. బాగా రాలేదంటే ఇంకోటి తీశాడు.

వాళ్ళు ఈతకు వెళ్ళాక సీసా మూత తీసి, ముందు ఆ రాయి కడిగాడు. నీళ్ళు దానికే సరిపోయాయి. సమాధి మీద చల్లడానికి ఏమీ మిగల్లేదు.