ఓదెలు పరామర్శ

పుప్పాలగూడలో ఎవరికి జ్వరమొచ్చినా డాక్టరు కంటే ముందు ఓదెలు వస్తాడని మా గల్లీలో ఒక మాట. గచ్చిబౌలి ఆఫీసు బస్సు నడిపే మనిషి. పొద్దుటి ట్రిప్పుకూ సాయంత్రం ట్రిప్పుకూ మధ్య హాయిగా కునుకు తీయొచ్చు కదా. తీయడు. కొబ్బరిబొండాం పట్టుకుని దవాఖానకు పోతాడు. మంచం పక్కకు స్టూలు లాక్కుని, అదే రోగంతో పోయినవాళ్ళ కథ ఒకటి తీస్తాడు. రోగి మొహం పాలిపోయాక, ధైర్యంగా ఉండమని భుజం తట్టి లేస్తాడు. అయినా ఎవరూ తప్పు పట్టలేదు. వచ్చాడు, అదే పదివేలు అనుకునేవాళ్ళం.

పోయిన నెల ఆయనకే గుండె ఆపరేషనయింది. అంతా బాగా జరిగిందన్నారు. మూడో రోజు నుంచి నడవాలనీ, లేకపోతే ఊపిరితిత్తుల్లో కఫం చేరి ప్రాణం మీదికి వస్తుందనీ చెప్పారు. ఓదెలు లేస్తేనా! ఛాతీ మీద దిండు అదుముకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఐదు రోజులు గడిచాయి. దగ్గు, జ్వరం మొదలయ్యాయి. భార్య బుచ్చమ్మ తిట్టింది, ఏడ్చింది, మొక్కుకుంది.

చివరికి ఆస్పత్రి కౌన్సెలర్ ఉమాశ్రీ గారు గంటసేపు కూర్చుని అడిగితే సంగతి బయటపడింది. బస్సుల కాంట్రాక్టరు విశ్వేశ్వరరావు చూడ్డానికి వచ్చి, తనకు తెలిసినవాడొకడు ఇదే ఆపరేషనయ్యాక బాత్రూముకు నడుస్తూ కుప్పకూలాడని చెప్పి పోయాడట.

"మీ గుండె బాగానే ఉందండి. మిమ్మల్ని పడుకోబెట్టింది ఆ మాట," అందావిడ. ఆ రోజు నుంచి చూడవచ్చేవాళ్ళను ఆపేశారు.

సరోజమ్మను మాత్రం ఆపలేదు. ఆమె మా పక్కింటావిడ, రోజూ బుచ్చమ్మకు అన్నం డబ్బా తెచ్చిస్తుంది. భర్త ఐలయ్య చనిపోయి ఏడాదిన్నర. ఆ సాయంత్రం నా బండి మీద వచ్చింది, ఆమెతో పాటు నన్నూ లోపలికి వదిలారు. మేం వెళ్ళేసరికి ఓదెలు మంచంలోనే విశ్వేశ్వరరావును దులిపేస్తున్నాడు. బుద్ధున్నవాడెవడైనా రోగి ముందు అలాంటి మాట అంటాడా అని మమ్మల్ని అడిగాడు. నేను తలూపాను.

"మా ఆయనకు నువ్వు గిట్లనే చెప్పినవ్, ఓదెలన్నా," అంది సరోజమ్మ. గొంతు కూడా పెంచలేదు.

ఐలయ్యకు కిడ్నీలు పాడై డయాలసిస్ చేసేవారు. మూడుసార్లు చేయించుకున్నాడు. అప్పుడు ఓదెలు వెళ్ళి, తన బామ్మర్ది నాలుగోసారి ఆ మిషన్ మీదే ప్రాణం వదిలాడని చెప్పాడట. నాలుగోసారికి ఐలయ్య రానన్నాడు. సరోజమ్మ కాళ్ళు పట్టుకుంది. వినలేదు. పన్నెండు రోజులకు మనిషి దక్కలేదు. మేమంతా రోగం ముదిరిందనుకున్నాం. పాడె మోసినవాళ్ళలో నేనున్నాను, ఓదెలూ ఉన్నాడు.

బుచ్చమ్మ అయోమయంగా మొగుడి వైపు చూసింది.

"ఏ బామ్మర్ది? నాకున్న ఒక్క తమ్ముడు జీడిమెట్లల డ్యూటీకి పోతుండు గద. వానికి కిడ్నీల బీమారే లేదు."

ఇన్నేళ్ళుగా ఇంటింటికీ మోసిన కథల్లో ఇంకెందరు బతికున్నవాళ్ళను చంపాడో, అవి విని ఇంకెందరు మంచం దిగలేదో అనిపించింది నాకు. ఓదెలు కళ్ళు దించుకున్నాడు తప్ప కాదనలేదు.

సరోజమ్మ డబ్బా అక్కడే పెట్టి బయటికి నడిచింది. ఐదు రోజులుగా ఎవరు లేపినా లేవని మనిషి అప్పుడు లేచాడు. ఒక చేత్తో దిండు ఛాతీకి అదుముకుని, రెండో చేత్తో గోడ పట్టుకుని, వరండా పొడుగునా ఆమె వెనకే వెళ్ళాడు. నర్సు సంబరపడి పక్కకు తప్పుకుంది. లిఫ్టు దగ్గర సరోజమ్మ వెనక్కి తిరిగింది.

"ఎందుకు చెప్పినవ్ అన్నా?"

ఓదెలు చాలాసేపు ఆయాసపడ్డాడు.

"చూడనొచ్చి ఉత్తగ కూసుంటే బాగుండదని," అన్నాడు. "ఏదో ఒకటి చెప్పాలె గద అని చెప్పిన."



"గింతేనా?" అంది సరోజమ్మ.