రెండో అంతస్తు స్టూలు

ఆ రోజుల్లో దోహాలో ఎవర్ని కదిపినా ఫుట్‌బాల్ వరల్డ్ కప్ పనుల్లో ఉన్నామనే చెప్పేవారు. మా ఆఫీసు కింద టీ అమ్మేవాడు కూడా, తన టీ తాగేవాళ్ళు స్టేడియం కడుతున్నారు కాబట్టి తనదీ ఆ పనే అనేవాడు. పెళ్ళిచూపుల్లో నేనూ అదే కూశాను. "స్టేడియం పనులండీ" అన్నాను. కాకినాడలో మా మామగారు పొంగిపోయి, అల్లుడు స్టేడియం కడుతున్నాడని వీధంతా చాటారు. నిజానికి నేను అల్ దోహా అల్ జదీదా అనే పేటలో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో, కిటికీ లేని గదిలో కూర్చుని, లిఫ్టు ఆగిందనీ, మెట్ల మీద లైట్లు వెలగడం లేదనీ, డాబా మీద ట్యాంకు పొంగుతోందనీ అపార్ట్‌మెంట్ల వాళ్ళు పంపే ఈమెయిళ్ళకి జవాబులు రాసేవాణ్ణి. (స్టేడియాలకీ నాకూ ఉన్న సంబంధమల్లా, మా మెకానిక్కులందర్నీ వాళ్ళు లాక్కుపోవడమే.)

మాకు మిగిలిన మెకానిక్కు ఒక్కడే, జగిత్యాల అన్న. ఫిర్యాదులు చూస్తే బోలెడు. అందుకని మా మేనేజరు నాకు మూడు వాక్యాలు నేర్పాడు. మీ ఫిర్యాదు నమోదైంది. సంబంధిత విభాగానికి పంపడమైనది. ఇది ఉమ్మడి సౌకర్యం కనుక భవన యజమాని అనుమతి రావలసి ఉంది. ఆ యజమాని గుమాస్తాకి ఫోన్ చేస్తే, ఉమ్మడి సౌకర్యం కనుకనే అది మెయింటెనెన్స్ కంపెనీ నెత్తిన ఉందనేవాడు. రెండు రోజుల్లో ఫిర్యాదు మూసెయ్యకపోతే మేనేజరు కంప్యూటర్లో ఎర్ర గుర్తు పడుతుంది. లిఫ్టు నడిచినా నడవకపోయినా ఫిర్యాదు మాత్రం టైముకి మూసేసేవాణ్ణి. రెండేళ్ళలో ఆ విద్యలో ఆరితేరిపోయాను.

అప్పుడు మా ఆవిడ వచ్చింది. కంపెనీ అల్ హిలాల్ పేటలో ఒక భవనం నాలుగో అంతస్తులో ఫ్లాట్ ఇచ్చింది. అది మా కంపెనీ మెయింటెనెన్స్ చూసే భవనమే. మా ఆవిడకి ఆరో నెల వచ్చేసరికి, సరిగ్గా జూన్ ఎండల్లో, లిఫ్టు చచ్చింది. డాక్టరమ్మ మెట్లు ఎక్కొద్దంది, పరీక్షకి మాత్రం పదిహేను రోజులకోసారి రమ్మంది. ఏం చేస్తుంది, రెండో అంతస్తు మలుపులో ఒక ప్లాస్టిక్ స్టూలు వేయించింది (మోసింది నేనే). అక్కడ కూర్చుని చెమట తుడుచుకుని మిగతా మెట్లు ఎక్కేది. వారం తిరక్కుండా ఎదురింటి మలయాళీ పెద్దావిడా, గ్యాస్ బండ మోసుకొచ్చేవాడూ, అందరూ దాని మీదే కూలబడడం మొదలెట్టారు. మా ఆవిడ వచ్చినప్పుడల్లా దాన్ని గుడ్డతో తుడిచేది. ఆ భవనం మొత్తంలో ఎవరో ఒకరు పట్టించుకున్న ఉమ్మడి సౌకర్యం ఆ స్టూలొక్కటే.

లిఫ్టు పక్కన అంటించిన కాగితం మీద అడ్రసు చూసి మా ఆవిడ ఫిర్యాదు పంపింది. (ఆ కాగితం మీదా, మా జవాబుల కిందా హెల్ప్‌డెస్క్ అని మాత్రమే ఉండేది. అలాంటి జవాబుల కింద పేరు పెట్టుకోవడానికి కంపెనీకే సిగ్గు.) నేను ఆ పొద్దున పేరైనా చూడకుండా మొదటి వాక్యం కొట్టి పంపేశాను. సాయంత్రం అన్నం వడ్డిస్తూ చదివి వినిపించింది.

"నా ఫిర్యాదు నమోదైందిట! నమోదైతే ఎగురుకుంటూ పైకొస్తానా? ఇది రాసిన మహానుభావుడు పుట్టాక ఒక్క మెట్టయినా ఎక్కాడా అసలు?"

అది నేను పంపిన వాక్యమే. "ఎవడో వెధవ అయ్యుంటాడు" అన్నాను, పప్పు కలుపుకుంటూ. అప్పుడే చెప్పెయ్యాల్సింది. స్టేడియం అల్లుడి పరువు అడ్డొచ్చింది.

తర్వాత ఒకటి, రెండు అని అంశాలు వేసి వాదిస్తూ రెండో ఉత్తరం వచ్చింది, మూడోది వచ్చింది. మిగతా రెండు వాక్యాలూ ఖర్చయిపోయాయి. మధ్యలో నేను తిరగని గడప లేదు. "యల్లా, క్లోజ్ కరో" అని, తొందరగా ఫిర్యాదు మూసెయ్యమని మా మేనేజరు కసిరాడు. "మాఫీ, హమారా కామ్ నహీ" అని, అది తమ పని కాదంటూ గుమాస్తా ఫోన్ పెట్టేశాడు. చివరికి జగిత్యాల అన్నని బతిమాలి తీసుకెళ్తే టార్చి వేసి చూశాడు.

"మోటరు మంచిగనే ఉంది సారూ. తలుపుకాడ చిన్న సామాను అరిగింది, గంట పని. కని కాగితం మీద బాధ్యుని సంతకం లేకుంట ముట్టుకుంటె నా నౌకరీ పోతది."

అతనితో నా బాధంతా వెళ్ళబోసుకున్నాను. అన్న పడీపడీ నవ్వాడు. "మా అమ్మ గూడ ఊర్లె అందరికి చెప్తది సారూ, నా కొడుకు దుబాయ్ల స్టేడియం కడుతుండని. నేనేమొ ఈడ బల్బులు మారుస్తున్న." (వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే.)

ఎనిమిదో నెలలో నాలుగో ఉత్తరం వచ్చింది. ఈసారి అంశాలవారీ వాదన లేదు. "నిన్న ఆస్పత్రి నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే కళ్ళు తిరిగాయి. లిఫ్టు ఎప్పుడు బాగుచేస్తారు?" అంతే రాసింది. నాకు ఇంట్లో ఈ ముక్క చెప్పలేదు. మేనేజరు నేర్పిన వాక్యాలేవీ చేతికి రాలేదు. "అమ్మా, దయచేసి ఒంటరిగా మెట్లెక్కకండి. రెండో అంతస్తులో స్టూలు మీద అలసట పూర్తిగా తీరాకే లేవండి. మంచినీళ్ళ సీసా దగ్గరుంచుకోండి" అని రాసి పంపాను. హెల్ప్‌డెస్క్ చరిత్రలో ఇంత మంచి జవాబు ఎవరూ రాసి ఉండరని మురిసిపోయాను కూడా.

సాయంత్రం ఎప్పట్లాగే చదవడం మొదలెట్టి, మధ్యలో ఆగింది.

"ఏమండీ, హెల్ప్‌డెస్క్ వాడికి మన స్టూలు సంగతెలా తెలుసు?"

నేను పప్పు గిన్నె దగ్గరికి లాక్కున్నాను.

"ఆ వెధవ మీరేనా?"

"వెధవ అన్నది నేనేలే, నువ్వు మహానుభావుడే అన్నావు" అన్నాను. తర్వాత అంతా చెప్పేశాను, స్టేడియం లేదనీ, మూడు వాక్యాలే ఉన్నాయనీ, కాగితం మీద సంతకం లేక లిఫ్టు పని ఆగిందనీ. చెప్పి, "కళ్ళు తిరిగాయని నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"మీకసలే స్టేడియం పనుల ఒత్తిడి కదా, మళ్ళీ ఈ బెంగెందుకని" అంది.

అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది. కంచాలు తీస్తూ మా ఆవిడే అడిగింది. "ఆ కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలి?"

"బాధ్యుడు."

"అయితే పెట్టండి."

మర్నాడు పెట్టాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. జగిత్యాల అన్న గంటన్నాడు గానీ, అంతకంటే ముందే లిఫ్టు నడిపించాడు. మేనేజరు ఒక మెమో ఇచ్చి ఊరుకున్నాడు. ఊరుకోక ఏం చేస్తాడు, కంపెనీకీ యజమానులకీ ఇన్నాళ్ళకి ఒక బాధ్యుడు దొరికాడు! అప్పట్నుంచి అల్ హిలాల్‌లో ఏ లిఫ్టు ఆగినా కాగితం తిన్నగా నా బల్ల మీదికే వచ్చేది. విసుక్కుంటూనే అన్నింటి మీదా సంతకం పెట్టాను. పాపాయిని ఎత్తుకుని ఆ లిఫ్టులోనే ఇంటికెళ్ళాం.

తర్వాత వరల్డ్ కప్ మొదలైన రోజు మామగారు కాకినాడ నుంచి ఫోన్ చేశారు. "అల్లుడుగారూ, టీవీలో చూపిస్తున్నారు, మీరు కట్టింది ఇదేనా?" నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ ఫోన్ లాక్కుంది. "స్టేడియం ఎవరో కట్టార్లే నాన్నా. ఆయన మా లిఫ్టు బాగుచేయించారు" అంది, స్టేడియం కంటే లిఫ్టే గొప్పదన్నట్టు.

ఇప్పుడు సొంత ఊళ్ళో, లిఫ్టు చక్కగా నడిచే ఇంట్లో ఉంటున్నాం. అయినా ఎక్కడైనా మెట్ల మలుపులో ప్లాస్టిక్ స్టూలు కనిపిస్తే, అలసట లేకపోయినా ఒక నిమిషం కూర్చుంటాను. కిటికీ లేని గదిలో మూడు వాక్యాలతో ఊరంతటికీ సమాధానం చెప్పగలననుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుని, లేచేముందు స్టూలు ఒకసారి తుడిచి మరీ వస్తాను.