ఇన్‌ఛార్జి సంతకం

పోయిన నెల మా స్నేహితురాలి కూతురు మదనపల్లెలో మా ఇంటికి వచ్చి, ఒక కొత్త లాంగ్ నోట్‌బుక్కు నా ముందు పెట్టింది. బెంగుళూరులో నర్సింగ్ సీటొచ్చింది, ఆ వచ్చే సోమవారం హాస్టల్‌కు పోవాలి. వాళ్లమ్మతో కలిసి ఆస్పత్రిలో నర్సులుగా పనిచేసిన మేము ముగ్గురం ఆమె గురించి తలా కొంత రాసివ్వాలని అడిగింది.

"గొప్పలు రాయొద్దు పెద్దమ్మా. ఆఖరి రోజు మా అమ్మ నా మాట ఎత్తిందా, లేదా? అది రాయండి సాలు. ఎత్తలేదంటే ఎత్తలేదనే రాయండి."

కరోనా రెండో వేవ్‌లో వాళ్లమ్మ మా వార్డులోనే పోయింది. అప్పటికి ఈ పిల్లకు పన్నెండేళ్లు. ఆఖరి రోజు సాయంత్రం ఆస్పత్రి గేటు దాకా వచ్చి, తల్లిని చూడకుండానే వెనక్కి వెళ్లింది. ఆ వార్డుకు ఇన్‌ఛార్జిని నేను. అమ్మ నిద్రపోతోందని చెప్పి పంపించింది నేనే. కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. తెలిసి కూడా "అందరి దగ్గరా రాయించుకొస్తాలే" అని నోట్‌బుక్కు అందుకున్నాను. నాకంటే ముందు ఇంకెవరైనా ఆ మాట రాసేస్తే బాగుండునని ఆశ. సిగ్గు విడిచి చెబుతున్నాను.

మిగతా ఇద్దరిలో పుంగనూరులో ఉన్నామె, నేను మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ తప్పించుకుంది. ఒకసారి చుట్టాలు, ఒకసారి మోకాలి నొప్పి, ఒకసారి సిగ్నల్ లేదు. గురువారం నేరుగా ఇంటికే వెళ్లి కూర్చున్నాను. అరపేజీ రాసి పెట్టుకునే ఉంది. "ప్రభువునందు నిద్రించిన మా ప్రియ సహోదరి శాంతమూర్తి, మితభాషి" అని మొదలు. మితభాషి అట! మా స్నేహితురాలు నోరు తెరిస్తే పక్క వార్డులో పేషెంట్లు లేచి కూర్చునేవాళ్లు.

"ఇది జ్ఞాపకార్థ కూటంలో చదివే కాగితం. ఎవురు పోయినా సరిపోతుంది. ఆయమ్మ యాడుండాది ఇందులో?" అని గట్టిగానే అడిగాను.

"పోయినామె గురించి మంచే రాయాల గదక్కా. నా పట్టుచీర అడక్కుండా పెండ్లికి కట్టుకోనిపోయింది. పసుపు మరకలు చేసి, ఎలకల పనంటా నెల రోజులు వాదించింది. అదా రాసేది?"

"అదే రాయి."

నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ నాలుగు పేజీలు రాసింది. తీరా ఆఖరి రోజు దగ్గరికి వచ్చేసరికి పెన్నుకు మూత పెట్టేసింది.

"ఆ పొద్దు నేను డ్యూటీలో లేను గదక్కా. నువ్వే ఉంటివి."

నేను నోట్‌బుక్కు బ్యాగులో పెట్టుకుని, బస్సు టైమైందని లేచాను. నిజానికి బస్సుకు ఇంకా చాలా టైముంది.

మిగిలింది కుప్పంలో ఉన్నామె. ఆఖరి రోజు మా స్నేహితురాలి బెడ్ దగ్గర డ్యూటీ చేసింది తనే. ఆ చావు తర్వాత నెల తిరక్కుండానే ఉద్యోగం మానేసి పుట్టింటికి వెళ్లిపోయింది. ఎక్కడైనా పెళ్లిళ్లలో కనిపిస్తే బాగున్నావా అంటే బాగున్నావా అనుకోవడమే. శనివారం వెళ్లి తలుపు తడితే, నా చేతిలో నోట్‌బుక్కు చూసి, లోపలికి రమ్మనకముందే "నేను రాయనక్కా" అంది.

కాఫీ అయితే ఇచ్చింది. "యాల రాయవు?" అన్నాను.

"రాస్తే జరిగింది రాయాల. దాంట్లో నువ్వుండావు."

అయిదేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నదే ఆమెకూ చెప్పాను. మాస్కు తీసి ఫోన్లో మాట్లాడితే ఆక్సిజన్ పడిపోయేది. వార్డులోకి ఎవరినీ రానివ్వకూడదు. ఆ రోజు అన్ని బెడ్లూ నిండిపోయి ఉన్నాయి. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు.

"అది తప్పని నేనన్లేదక్కా. పాపకు నిద్రపోతాండాదని యాల చెప్పినావు? మెలకువగా ఉండె గదా. తలుపు దిక్కే సూస్తా ఉండె."

నాకు కోపం ముంచుకొచ్చింది. నా కింద పనిచేసినవాళ్ల మీద అది ఎప్పుడూ తొందరగానే వస్తుంది. "నువ్వూ ఆడనే ఉంటివి గదా. నువ్వు యాల చెప్పలేదు?"

"నువ్వు ఇన్‌ఛార్జివి" అంది, తల ఎత్తకుండా.

కాఫీ సగంలో వదిలేసి గడప దాకా వెళ్లాను. నేను అలాగే వెళ్లిపోతే నోట్‌బుక్కులో పట్టుచీర కథ ఒక్కటే మిగులుతుంది. తల్లి తనను అడగనే లేదనుకుంటూ ఆ పిల్ల సోమవారం బస్సెక్కుతుంది. భయం వేసింది. వెనక్కి వచ్చి, కొత్త పేజీ తీసి ఆమె ముందు పెట్టాను.

"కథలాగ వద్దు. డ్యూటీ రిపోర్టు రాసినట్టు రాయి."

డ్యూటీ రిపోర్టులో ఏడుపు ఉండదు, పొగడ్త ఉండదు. ఏ టైముకు ఏం జరిగిందో అంతే. డ్యూటీ దిగేవాళ్లు రాసి సంతకం పెడితే, పక్కన ఇన్‌ఛార్జి సంతకం పెడుతుంది. అది ఆమెకు చేతనైన రాత. ఎక్కడా ఆగకుండా రాసేసింది.

"మధ్యాహ్నం డ్యూటీ. పేషెంట్ స్పృహలో ఉంది. మాట్లాడితే ఆయాసం. మూడు గంటలకు కూతుర్ని చూడాలని అడిగింది. ఇన్‌ఛార్జికి చెప్పాను. రేపు చూద్దామన్నారు. నాలుగున్నరకు పాప గేటు దగ్గరికి వచ్చింది. తల్లి నిద్రపోతోందని ఇన్‌ఛార్జి చెప్పి పంపించారు. పేషెంట్ నిద్రపోలేదు. అయిదు గంటలకు మళ్లీ అడిగింది. ఫోన్ కావాలని సైగ చేసింది. ఇన్‌ఛార్జి ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు."

సంతకం పెట్టి, నోట్‌బుక్కు నా వైపు తిప్పి, పెన్ను అందించింది.

"ఇన్‌ఛార్జి సంతకం లేకుంటే రిపోర్టు చెల్లదు గదక్కా."

ఆ గొంతులో వెటకారం లేదు. ఉద్యోగంలో ఉండగా చదవకుండా ఎన్ని రిపోర్టుల మీద సంతకాలు గీకానో నాకే తెలియదు. దీన్ని మూడుసార్లు చదివి పెట్టాను.

ఆదివారం ఆ పిల్ల ఇంటికి వెళ్లాను. అమ్మమ్మ దగ్గర ఉంటుంది. వసారాలోనే నోట్‌బుక్కు అందుకుని, నిలబడే పేజీలు తిప్పింది. చీర దగ్గర ఆగలేదు. రిపోర్టు దగ్గర ఆగింది.

"నిద్రపోలేదా?"

"లేదు. నేను అబద్ధం చెప్పినా."

కుప్పం నుంచి వచ్చేటప్పుడు దారి పొడుగునా సంజాయిషీలు చాలా కూర్చుకున్నాను. ఆ పిల్ల ఏమీ అడగలేదు. నన్ను కూర్చోమనీ అనలేదు. నోట్‌బుక్కు మూయకుండా అలాగే పట్టుకుని లోపలికి వెళ్లింది. వంటింట్లోంచి ఆ గొంతు వినబడింది.

"అవ్వా, అమ్మ నన్ను అడిగిందంట. రెండుసార్లు అడిగిందంట."